గోలక్ ఎక్కుతాడా?

గోలక్ బెహెరాకి మా ఆఫీసులో ఒక కుర్చీ ఉంది. దాని మీద ఆయన తువ్వాలు ఉంటుంది, ఆయన ఉండడు. ఫోను మాట్లాడినా నడుస్తూనే, టీ తాగినా నడుస్తూనే. కంప్యూటరు పని కూడా నిలబడే చేస్తాడు, ఒక కాలితో రెండో కాలు గీరుకుంటూ. కాలుకాలిన పిల్లి అనే మాట ఈయన్ని చూసే పుట్టిందేమోనని నా అనుమానం. "నా కళ్ళు తిరుగుతున్నాయయ్యా, కాసేపు కుదురుగా ఉండు బాబూ" అని రోజూ మొత్తుకుంటాను. "కూర్చుంటే నాకు బుర్ర పనిచెయ్యదు అపా" అంటాడు. అపా అంటే మా ఒడియాలో అక్క. నిజానికి ఆయన నాకంటే పెద్దవాడే. నా నోరు పెద్దది కాబట్టి ఆఫీసు మొత్తానికీ నేనే అక్కనైపోయాను.

నా పేరు కుంతల. పుట్టింది బరంపురంలో, అందుకే ఒడియా, తెలుగు రెండూ నా నోట్లో ఆడతాయి. ఖుర్దాలో ఉన్న మా గాలి కేంద్రంలో ఫోను బల్ల నాది. చిలికా సరస్సు మీద ఇవాళ గాలి ఎంత వీస్తుందో లోపలి గదిలో బాబులు అంచనా కట్టి బులెటిన్ రాస్తారు, నేను రేవులన్నిటికీ ఫోను చేసి చెప్తాను. గాలి గంటకి యాభై కిలోమీటర్లు దాటుతుందంటే పడవలు కదలకూడదు, అది రూలు. గాలి వస్తుందని చెప్పి రాకపోతే తిట్లు నాకు. చెప్పకుండా వస్తే శాపాలు నాకు. లోపలి గదిలో బాబులు మాత్రం ఫ్యాను కింద చల్లగా ఉంటారు.

గోలక్ ఆ బాబుల్లో ఒకడు కాదు. అలాగని పరిశోధన చేసే శాస్త్రవేత్తా కాదు. ఆ ఇద్దరి మధ్యా తిరిగే మనిషి. ఎక్కడో పెద్ద ఊళ్ళో శాస్త్రవేత్తలు గాలిని లెక్కకట్టే కంప్యూటరు మోడల్‌కి ఏదో ఒక మెరుగు కనిపెడతారు, వ్యాసం అచ్చవుతుంది, చప్పట్లు కొడతారు, అక్కడితో వాళ్ళ పని సరి. ఆ మెరుగు మా ఆఫీసులోకి వచ్చి, రోజూ తెల్లారేసరికి ఠంచనుగా నడిచి, బాబుల చేతికి అంకెలు ఇవ్వాలంటే మధ్యలో ఒకడు చావాలి. ఆ చచ్చేవాడు గోలక్. పండక్కి ఒక్కసారి పాయసం అమోఘంగా వండడం వేరు, మూడొందల అరవై రోజులూ మెస్సు నడపడం వేరు కదా. శాస్త్రవేత్తలేమో "ఇంకా పెట్టలేదా, ఎంత నిదానమయ్యా నువ్వు" అంటారు. మా బాబులేమో "ఉన్నది బాగానే ఏడుస్తోందిగా, నీకెందుకయ్యా ఈ తీట" అంటారు. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

ఆ తీట ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆయన పుట్టింది చిలికా మధ్యలో నూఆకుద అనే దీవిలో. ఉప్పుకైనా మందుకైనా పెళ్ళికైనా చావుకైనా పడవే దిక్కు. చిన్నప్పుడు బళ్ళో కుదురుగా ఉండడం లేదని మాస్టారు తువ్వాలుతో కాలిని బల్లకి కట్టేస్తే, బల్లని ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడట. అలాంటివాడు ఎలాగో చదువుకుని మా ఆఫీసులో చేరాడు. చేరిన కొత్తలో, కంప్యూటరు తన ఊరిని ఎలా చూస్తుందో చూద్దామని సరదాకి మోడల్ లోపలి మ్యాపు తెరిచాడు. నేల ఎక్కడ, నీరు ఎక్కడ, అడవి ఎక్కడ అని మోడల్‌కి చెప్పే మ్యాపు అది. చూస్తే చిలికా లేదు! అంత సరస్సునీ వరిచేను అని రాసి పెట్టారు ఎవరో పుణ్యాత్ములు.

"అపా, మా ఊరి చుట్టూ వరి నాటేశారు" అంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. నీళ్ళ మీద గాలికి అడ్డేముంటుంది? చేను మీదైతే పైరుకి తగిలి జోరు తగ్గుతుంది. అందుకే మోడల్ ఎప్పుడూ చిలికా గాలిని తక్కువ చేసి చెప్పేది. అంతకు కొన్నేళ్ళ ముందు నూఆకుద పడవ ఒకటి సరస్సు నడుమ తిరగబడింది. ఆ రోజు బులెటిన్‌లో గాలి యాభై లోపే ఉంది. ఆ పడవలో గోలక్ చిన్నాన్న ఉన్నాడు. ఆ సంగతి ఆయన ఎక్కువగా ఎత్తడు. ఎత్తిన రోజు మాత్రం వరండాలో నడక ఆగదు.

అప్పట్లో అదే దారిలో ఆయన బావ బాంఛానిధి పడవ నడిపేవాడు. గోలక్ అక్క ఆ దీవిలోనే ఉంటుంది. ఆమె పొద్దున్నే మొగుణ్ణి నీళ్ళ మీదకి పంపించి, చిలికాని కాచే కాళిజాయి అమ్మకి దండం పెట్టుకుని కూర్చునేది. ఇక్కడ తమ్ముడు మోడల్‌లో సరస్సు పెట్టించాలని కనబడ్డ శాస్త్రవేత్తలందరి కాళ్ళూ పట్టుకునేవాడు.

పట్టుకోగా పట్టుకోగా ఇతిశ్రీ అనే పరిశోధకురాలు దొరికింది. ఇంక ఆడపిల్లలు చాలు తల్లీ అని మొక్కుకుని మావాళ్ళు ఆఖరి పిల్లకి ఆ పేరు పెడతారు. ఆ అమ్మాయి మాత్రం దేన్నీ చాలనుకునే రకం కాదు, మహా గట్టిది. చిలికాని కొలిచి, లోతూ వేడీ అన్నీ పెట్టి, మోడల్‌లో వరిచేను పీకేసి నీళ్ళు నింపింది. వ్యాసం అచ్చయింది. మాకు మిఠాయి పంపింది. అక్కడ మొదలయ్యాయి గోలక్ కష్టాలు.

ఆ అమ్మాయి దగ్గర మోడల్ ఒక రోజు గాలిని లెక్కకట్టడానికి రెండు రోజులు తీసుకునేది. రేపటి గాలి ఎల్లుండి తెలిస్తే ఏం చేసుకుంటాం, ఉప్పేసి నాక్కుంటామా? దాన్ని కుదించి, మా పాత యంత్రాల మీద తెల్లారేలోపు నడిచేలా చెయ్యడానికి గోలక్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు నడిచేది, ఒకరోజు మధ్యలో చచ్చేది. ఫోనులో ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు.

"నా దగ్గర బాగానే నడుస్తోంది గోలక్ బాబూ!"

"నీ దగ్గర నడిస్తే పడవలు నీ ఊళ్ళో తిప్పుకో తల్లీ. నాకు ఇక్కడ నడవాలి."

రెండేళ్ళు అలా గడిచాక డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. ఈ వేసవి గాలివానల కాలమంతా కొత్త మోడల్ అంకెలతో బులెటిన్ రాయండి, పాతది పక్కన నడుపుతూ ఉండండి, వానాకాలం వచ్చేముందు కమిటీ కూర్చుని ఏది మంచిదో తేలుస్తుంది అన్నారు. కమిటీ వద్దంటే? కొత్తది మూలపడుతుంది, చిలికా మళ్ళీ వరిచేనైపోతుంది. ఇంకో పదేళ్ళ దాకా ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆ మూడు నెలల్లోనే తేలాలి.

చైత్రంలో మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే నా ఫోను తగలబడిపోయింది.

యాభై అయిదు అని బులెటిన్ వచ్చింది. పడవలు ఆపమన్నాను. గాలి నలభై కూడా దాటలేదు. మళ్ళీ ఆపమన్నాను. మళ్ళీ ఏమీ రాలేదు. మూడోసారి కూడా అదే తంతు. పట్టిన చేపలు దీవిలోనే కుళ్ళిపోయాయి, పరీక్షకి పోవలసిన పిల్లలు గట్టు మీద ఏడ్చారు. బాంఛానిధి ఫోను చేశాడు. ఆయన మాటలు విని తట్టుకోవాలంటే గుండె దిటవుండాలి.

"ఏటమ్మా కుంతలమ్మా, నీ గాలి ఏ దార్లో వత్తంది? నడిసి వత్తందా? ఆకు కదల్నేదు ఇక్కడ."

"నేనేం చేసేది నాయనా, లోపల ఏం రాస్తే అది చదువుతాను."

"లోపల ఎవుడున్నాడు? మా బామ్మర్దేనా? ఆడితో సెప్పు. పాత మోడలు నా ప్రాణం తీద్దామని సూసింది, ఆడి కొత్త మోడలు నా పొట్ట కొడతంది. రెండిట్లో నాకు పాతదే నయం అని సెప్పు."

గోలక్ నా పక్కనే నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన బాధ ఏమిటంటే, మోడల్ ఇచ్చే అంకెలు ఆయన రోజూ చూస్తున్నాడు. అవి తప్పు కాదు. మోడల్ నలభై అంటోంది, గాలి నలభై వీస్తోంది. బులెటిన్‌లోకి వచ్చేసరికి అది యాభై అయిదు అవుతోంది. మధ్యలో ఎక్కడ పెరుగుతోంది? బాబుల్ని అడిగితే తెర మీదున్నదే రాస్తున్నాం అన్నారు. కంప్యూటరులో అణువణువూ వెతికాడు. ఇతిశ్రీ మీద అరిచాడు. ఆ అమ్మాయి తిరిగి అరిచింది. కొలతల్లో తేడా వచ్చిందేమోనని చూశాడు, తీగలు పీకి మళ్ళీ పెట్టాడు. చెప్పులు అరిగిపోతే ఉత్త కాళ్ళతో తిరిగాడు. ఇంటి దగ్గర ఆయన భార్య "ఈ మనిషి నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తున్నాడు, ఏమైంది అపా" అని నాకు ఫోను చేసింది. డైరెక్టరు గారు పిలిచి, "ఇలాగైతే కమిటీ దాకా కూడా అక్కర్లేదు గోలక్, నెలాఖరికి ఆపేద్దాం" అన్నారు. ఆ మాట విని బయటికి వచ్చి గోడకి తల ఆనించి నిలబడ్డాడు.

విషయం బయటపడింది ఒక మధ్యాహ్నం, మరమరాల దగ్గర.

లోపలి గదిలో పెద్దాయన పట్నాయక్ బాబు. నిత్యానంద పట్నాయక్. చిలికా గాలి చెప్పడంలో తల నెరిసిన మనిషి. ఆ రోజు ఆయన మరమరాలు, పచ్చిమిరపకాయ నముల్తూ, వాళ్ళ కోడలు కూరలో ఉప్పెయ్యడం లేదన్న గోడు మాకు వినిపిస్తూ బులెటిన్ రాస్తున్నాడు. నేను కాగితం కోసం నిలబడ్డాను. గోలక్ ఎప్పట్లాగే వెనకాల తచ్చాడుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"సార్, తెర మీద ఎంతుంది?"

"నలభై రెండు. కళ్ళు కనిపించడం లేదా?"

"మరి మీరు రాసిందెంత?"

పట్నాయక్ బాబు కాగితం చూసుకున్నాడు. "యాభై ఏడు."

"ఎందుకు?"

"ఎందుకేమిటయ్యా, చిలికా కదా. చిలికాకి పదిహేను కలపాలి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? ఈ గదిలో కూర్చున్నవాడెవడైనా కలుపుతాడు. మోడల్‌కి చిలికా అంటే తెలీదు, వరిచేను అనుకుంటుంది, అందుకని మనం..." అంటూ ఆగిపోయాడు. నోట్లో మిరపకాయ అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు తెలుసు సార్!" గోలక్ గొంతు చిరిగిపోయింది. "దానికి చిలికా తెలిసింది సార్! నేను రెండేళ్ళు చచ్చింది అందుకే కదా! సరస్సు పెట్టాక కూడా పదిహేను కలుపుతారా? మీటింగుకి వచ్చారు, సంతకం పెట్టారు, మిఠాయి తిన్నారు!"

గదిలో మిగతా ఇద్దరు బాబులూ తమ కాగితాలు చూసుకుంటున్నారు. వాళ్ళూ అదే చేశారు. ఆ పదిహేను ఎక్కడా రాసి లేదు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినది, కళ్ళు తెర మీద, చెయ్యి కాగితం మీద, మధ్యలో దానంతట అదే కలిసిపోతుంది. మోడల్ మారిందని వాళ్ళ బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. గోలక్ ఎన్నడూ ఆ గదిలో డ్యూటీ చెయ్యలేదు కాబట్టి ఆయనకి పదిహేను సంగతే తెలీదు. ఓరి దేవుడా, ఇంత చిన్నదానికా ఇన్ని శాపనార్థాలు తిన్నాను అని నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అనేద్దామనుకున్నాను. పట్నాయక్ బాబు ముఖం చూసి మింగేశాను.

ఆయనకి కోపం రాలేదు. భయం వేసింది.

"గోలక్, ఆ పదిహేను నాకు పుస్తకంలో దొరకలేదు. మా సేనాపతి బాబు ఇచ్చాడు. నేను చేరిన కొత్తలో ఒక పడవ మునిగాక, ఇదే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చి, ఇకనుంచి చిలికాకి పదిహేను కలపరా నిత్యా అన్నాడు. అప్పట్నుంచి కలుపుతున్నాను."

"అది చాలదు కదా సార్. ఒకరోజు సరిపోతుంది, ఒకరోజు ఎక్కువవుతుంది. చాలని రోజు మా చిన్నాన్న పోయాడు."

పట్నాయక్ బాబు మరమరాలు పక్కకి జరిపాడు. తర్వాత, "సరే, తీసేస్తాను. తీసేసిన రోజు గాలి ఎక్కువొస్తే? ఆ పదిహేను ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఆ ఇతిశ్రీకా? కంప్యూటరుకా?" అన్నాడు.

"నాకు."

"మాటలు చెప్పకు. నువ్వు ఇక్కడ ఫ్యాను కింద ఉంటావు."

"అయితే పడవలో ఉంటాను."

"ఏమిటీ?"

"నలభై పైన, యాభై లోపల అన్న రోజు మీరు కలపకుండా రాయండి సార్. ఆ రోజు పొద్దున బస్సుకి వెళ్ళి మా బావ పడవ ఎక్కుతాను. మునిగితే నేనూ మునుగుతాను."

పిచ్చి మాట. కానీ పట్నాయక్ బాబు కలం తీసి యాభై ఏడు కొట్టేసి నలభై రెండు రాశాడు. డైరెక్టరు గారికి సంగతి చెబితే ఆయన తల పట్టుకుని, సరే, కమిటీ దాకా నడపండి అన్నారు. ప్రాణం లేచొచ్చింది. అయితే కమిటీ వచ్చేలోపు రెండు నెలలు నీళ్ళ మీద తేలాలి.

అన్నమాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. అలాంటి రోజు వచ్చిందంటే తువ్వాలు భుజాన వేసుకుని బావ పడవ ఉండే బాలుగావ్ రేవుకి బస్సెక్కేవాడు. సెలవులన్నీ అటే పోయాయి. ఎలా ఉంటాడో చూద్దామని నేనూ ఒక ఆదివారం వెంట వెళ్ళాను. బులెటిన్‌లో నలభై ఆరు. రేవులో ఎండ పేలిపోతోంది. బాంఛానిధి మమ్మల్ని చూసి చుక్కాని వదిలి చేతులు జోడించాడు.

"రండి, రండి. నా బామ్మర్దికి ఏదో మొక్కున్నట్టుంది. వారానికోపాలి నా పడవెక్కుతన్నాడు, సేపలు కొనడు, సుట్టాలింట్లో తినడు, దిగి ఎల్లిపోతాడు."

"భిణోయీ, నువ్వు పడవ తియ్యి" అన్నాడు గోలక్. అక్క మొగుణ్ణి మేం భిణోయి అంటాం. ఈ వరస ఉన్న ఇద్దరు కలిస్తే ఎగతాళి లేకుండా గంట గడవదు. గోలక్ మాత్రం ఆ రోజు ఎగతాళి పట్టే స్థితిలో లేడు.

పడవలో నడవడానికి చోటు ఉండదు కదా. ఆయన కూర్చోవలసి వచ్చింది. మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు. పక్కనున్న ముసలావిడ పాపం వాంతి వస్తోందేమోనని నిమ్మకాయ ఇచ్చింది. సరస్సు నడిమికి వచ్చాక గాలి లేచింది. నీళ్ళు నల్లబడ్డాయి, పడవ ఒక పక్కకి ఒరిగి లేచింది, నా ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచి కాళిజాయి తల్లిని పిలిచాను. గోలక్ కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. చెవి ఒగ్గి వింటే మంత్రం కాదు, "నలభై ఆరు, నలభై ఆరు" అంటున్నాడు. ఇంకా పెరుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. పెరగలేదు. అదే జోరు మీద కాసేపు ఉండి, తగ్గింది. బాంఛానిధి బీడీ ముట్టించి, "ఇది గాలేటి, మా ఆవిడ ఇంతకన్నా గట్టిగా ఊదుద్ది పొయ్యి" అన్నాడు.

దీవిలో గోలక్ అక్క మా ముందు పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, వేయించిన చిన్న రొయ్యలు పెట్టి తమ్ముణ్ణి కడిగిపారేసింది. "చావడానికి నా మొగుడి పడవే దొరికిందట్రా నీకు? ఒకేసారి ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా నన్ను?" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన తల వంచుకుని నాలుగు మెతుకులు తిని లేచి, ఆ ఇరుకు వాకిట్లో నడవడం మొదలుపెట్టాడు.

అలా జ్యేష్ఠమాసం వచ్చింది. కమిటీ వచ్చే వారమే. ఆ పొద్దున మోడల్ తెర మీద చిలికా అంతా ఎర్రగా ఉంది. మధ్యాహ్నం దాటాక డెబ్భై. కిటికీలోంచి చూస్తే కడిగినట్టున్న ఆకాశం. పక్కన పాత మోడల్ ముప్పై అయిదు అంటోంది, దానికి పదిహేను కలిపినా యాభై, పడవలు ఆపక్కర్లేదు. పట్నాయక్ బాబు గోలక్ వైపు చూశాడు. గోలక్ తల ఊపాడు. డెబ్భై అని రాసి నా చేతికిచ్చాడు పెద్దాయన, ఏమీ కలపలేదు.

రేవులన్నిటికీ ఫోను చేశాను. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. బాలుగావ్‌లో బాంఛానిధి ఎత్తాడు. వెనకాల బాజాలు వినిపిస్తున్నాయి.

"బాంఛా, పడవ తియ్యకు. మధ్యాహ్నానికి డెబ్భై అంట."

"మళ్ళీ మొదలెట్టేవేటి! మగపెళ్ళోళ్ళు ఎక్కేసినారు. పెళ్ళికొడుకు కిరీటం ఎట్టుకుని నా ఎదురుగా కూసున్నాడు. దీవిలో సాయంత్రం లగ్గం. నువ్వొచ్చి ఆపుతావా లగ్గం?"

"నిజంగా వస్తుందయ్యా, నా మాట విను!"

"యాభై అయిదు యాభై అయిదని మూడుసార్లు నా పడవ కట్టించేవు. మూడుసార్లు ఈగ కూడా ఎగర్నేదు. ఇప్పుడు ఏకంగా డెబ్భయ్యా? బేరం పెంచినావా?"

"అప్పుడు తప్పు జరిగిందయ్యా, చెప్పాం కదా..."

"ఇప్పుడు జరగలేదని ఎవుడు సెప్పాడు?"

అరిచాను, బతిమాలాను, పోలీసుల్ని పంపిస్తానన్నాను. ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. ఆ పడవలో ముత్తైదువలు, పిల్లలు, కిరీటం పెట్టుకున్న పెళ్ళికొడుకు.

"సర్లే, ఉంటాను. ఇంతకీ మా బామ్మర్ది బస్సెక్కేడా? ఆడి కోసం ఒక బల్ల ఖాళీగా ఉంచేను."

నేను తల తిప్పి చూశాను.

గోలక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మీదే కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు కదలకుండా, నా చేతిలో ఫోను వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని అలా చూడడం నాకు అదే మొదలు.

"ఎక్కలేదు బాంఛా. రానన్నాడు."

"రానన్నాడా? మరేం సేత్తన్నాడు?"

"కుర్చీలో కూర్చున్నాడు."

"కూకున్నాడా?"

"అవునయ్యా. కూర్చున్నాడు. కదలడం లేదు."

అవతల ఇంజను ఆగింది. ఆపైన బాంఛానిధి గొంతు, నాతో కాదు. "ఏయ్, బాజా ఆపండెహె! దిగండి. దిగండి అందరూ. లగ్గం రేపు కూడా ఉంటాది, దిగండి!"

మధ్యాహ్నం గాలి వచ్చింది. ఎలా వచ్చిందో నేను చెప్పను, ఆ సాయంత్రం ఫోనులో రేవు రేవునా విన్నాను, ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. పెళ్ళివారందరూ చేపల గోదాములో తలుపులేసుకుని కూర్చున్నారు. కట్టేసిన బాంఛానిధి పడవ తాళ్ళు తెంపుకుని గట్టుకి కొట్టుకుని బోర్లాపడింది, ఖాళీది. చీకటి పడేవేళ ఆయన ఫోను చేసి, "నా పడవ ముక్కు పగిలిపోయింది, బాగుసెయ్యడానికి మీ బాబు ఇత్తాడా" అని నన్ను తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "ఫోను ఆడికియ్యి" అన్నాడు. నేను ఫోను గోలక్ చేతికిచ్చాను. బావా బామ్మర్దులు పడవ ముక్కుకి ఎంత కర్ర పడుతుందో లెక్కకట్టుకున్నారు.

కమిటీ వచ్చింది, చూసింది, కొత్త మోడల్‌ని ఖాయం చేసింది. ఆర్డరులో ఇతిశ్రీ పేరు ఉంది, డైరెక్టరు గారి పేరు ఉంది. గోలక్ పేరు లేదని నేను మండిపడితే ఆయన, "పోనీ అపా, చిలికా ఉంది కదా" అన్నాడు. పట్నాయక్ బాబు రిటైరై వెళ్ళిపోతూ తన బల్ల మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు: చిలికాకి ఏమీ కలపవద్దు.

అక్కడితో ఆయనకి మనశ్శాంతి దొరికిందనుకుంటే పొరపాటే. ఇంకా పాడైంది. ఆ పెళ్ళి కథ సరస్సంతా పాకిపోయింది. ఇప్పుడు గాలివానల కాలంలో రేవుల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. గాలి ఎంత అని ఒక్కడూ అడగడు. అంకె చెప్పబోతే, "అది సరేగానీ అపా, గోలక్ ఎక్కుతాడా?" అంటారు.

ఆ ప్రశ్న వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టడు. "నాకు గాలి గురించి ఏం తెలుసు అపా? నేను నమ్మమన్నది మోడల్‌ని. నన్నెందుకు నమ్ముతారు వీళ్ళు? రేపు అది తప్పితే?" అని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతాడు. నాకూ భయమే, పైకి చెప్పను.

మొన్న కూడా అంతే. మోడల్ నలభై ఎనిమిది చూపించింది, యాభైకి కాస్త తక్కువ. పొద్దున్నే బాలుగావ్ నుంచి ఫోను. బాంఛానిధికి మోకాళ్ళు పట్టేశాక పడవ వాళ్ళ అబ్బాయి నడుపుతున్నాడు. ఆ కుర్రాడు కూడా అదే అడిగాడు.

"అపా, మామయ్య ఎక్కుతాడా?"

గోలక్ తెర ముందు నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూశాడు. నా వైపు తిరిగి, ఎక్కుతాను అన్నట్టు తల ఊపాడు.

"ఎక్కుతాడు నాయనా" అని చెప్పి ఫోను పెట్టేసి చూస్తే, కుర్చీ మీద తువ్వాలు లేదు. బస్సుకి వెళ్ళిపోయాడు.